విశ్వవిద్యాలయంలో కొలువు – మన ప్రాంతపు చరిత్ర, ఒక పాత దరఖాస్తు



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయుమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఏ కాకతీయుల గుడి గురించో గోదావరి ఒడ్డు గురించో రాస్తానని అనుకొని ఉంటారు. అట్లా రాసే పండితులు మనలో చాలామంది ఉన్నారు. నేను గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది దరఖాస్తు ఒక్కటే. కనుక ఒక రకం దరఖాస్తు చరిత్ర రాస్తాను. విశ్వవిద్యాలయాలలో పాఠం చెప్పే ఉద్యోగం, పరిశోధన చేసే ఉద్యోగం మన రాయికల్, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పిల్లలకు ఎట్లా దొరుకుతూ వచ్చిందన్నది విషయం. చివరన నా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉంది. అది చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు.

ఈ ఉద్యోగం ఎంత పాతది?

మన దేశంలో విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే ఉద్యోగం మనం అనుకున్నంత పాతది కాదు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టినాయి గాని అవి లండన్ పద్ధతిలో పరీక్షలు పెట్టి పట్టాలు ఇచ్చేవే. పాఠాలు కాలేజీలలో జరిగేవి. 1904 నాటి చట్టం తరువాతనే విశ్వవిద్యాలయాలు స్వయంగా అధ్యాపకులను పెట్టుకొని బోధించడానికి దారి పడింది. కలకత్తాలో ఆశుతోష్ ముఖర్జీ గారు ఆ దారిని వెడల్పు చేసినారు.

ఆయన పిలిచి తెచ్చుకున్నవారిలో ఒకరు మనబోటి ఆఫీసు ఉద్యోగి. సి.వి. రామన్ గారు 1907లో ఆర్థిక శాఖలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరి, పగలు లెక్కల ఫైళ్ళు చూసి, ఉదయం సాయంత్రం కలకత్తాలోని ఒక పరిశోధన సంస్థలో ప్రయోగాలు చేసుకునేవారు. 1917లో తక్కువ జీతానికి ఒప్పుకొని ప్రభుత్వోద్యోగం వదలి ప్రొఫెసర్‌గా వెళ్ళినారు. 1930లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆయన రాజీనామా ఫైలు ఏ సెక్షన్లో ఎన్నాళ్ళు ఆగిందోనని నేను చాలాసార్లు అనుకున్నాను. గుమాస్తాకు వచ్చే ఆలోచనలు అట్లాగే ఉంటాయి.

ఉస్మానియా – మనకు దగ్గరి గడప

మన వైపు సంగతి ఉస్మానియాతో మొదలవుతుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో 1918లో ఆ విశ్వవిద్యాలయం ఏర్పడి, 1919లో ఇంటర్మీడియెట్ తరగతులు ప్రారంభమైనాయి. మొదట 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులు. బోధన అంతా ఉర్దూలో. దేశ భాషలో పై చదువులు చెప్పిన మొదటి విశ్వవిద్యాలయంగా దానికి పేరు. ఉర్దూలో పాఠ్య పుస్తకాలు లేవు గనుక 1917లోనే అనువాద శాఖ పెట్టినారు. దానిని దారుల్ తర్జుమా అనేవారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి అధిపతి. ఉర్దూ కవి జోష్ మలీహాబాదీ వంటివారు కూడా అక్కడ పని చేసినారు. పాఠం చెప్పనవసరం లేకుండా కేవలం విద్యాపనికి జీతం ఇచ్చిన కొలువు మన ప్రాంతంలో బహుశా అదే మొదటిది. నేటి భాషలో చెప్పాలంటే అవి పరిశోధనోద్యోగాలే.

కాని మన పల్లెల నుంచి ఆ గడప ఎక్కినవారు తక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. హైస్కూలు చదువుకు కరీంనగర్ పోవాలి, ఆపైన హైదరాబాదు. తొలినాళ్ళలో ఉస్మానియాలో తెలుగు చెప్పిన కవి రాయప్రోలు సుబ్బారావు గారు గుంటూరు జిల్లా నుంచి వచ్చినవారు. అప్పటికే 1919 నాటి ముల్కీ నిబంధనలు ఉన్నాయి. పదిహేనేళ్ళు ఇక్కడ నివాసం ఉన్నవారికే ప్రభుత్వోద్యోగమని వాటి సారాంశం. కాని నిబంధన ఉన్నంతమాత్రాన ఇక్కడి పిల్లవాడు పట్టభద్రుడు కాడు గదా. ముందు చదువు కావాలి. 1969లో, 1972లో ఆ నిబంధనల మీద జరిగిన గొడవ, 1973 ఆరు సూత్రాలు, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985లో వచ్చిన 610 జీవో మనందరం సర్వీసులో ఉండగా చూసినవే. మళ్ళీ వివరించను.

హనుమాజీపేట నుంచి ఒక దారి

దూరం ఎంతైనా నడవవచ్చునని చూపినవారు మన పొరుగునే పుట్టినారు. డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు 1931 జూలై 29న సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో జన్మించినారు. వీధి బడి, తరువాత సిరిసిల్ల, తరువాత కరీంనగర్, ఆపైన హైదరాబాదు. చదువంతా ఉర్దూ మాధ్యమంలో సాగి, చివరకు 1954లో తెలుగు ఎం.ఏ. చేసినారు. ఆయన సినిమా పాటలు అందరికీ తెలుసు. నేను చెప్పదలచుకున్నది ఆయన ఉద్యోగాల వరుస. మొదట సికింద్రాబాద్ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలో లెక్చరర్, తరువాత నిజాం కాలేజీ, తరువాత విశ్వవిద్యాలయ శాఖ. మధ్యలో, 1962లో, ఆధునికాంధ్ర కవిత్వ సంప్రదాయాలు, ప్రయోగాల మీద డాక్టరేటు. 1976లో ప్రొఫెసర్. 1985లో సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, 1989లో తెలుగు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం. 2017 జూన్ 12న కాలం చేసినారు.

ఆ వరుసను గమనించండి. ఆ రోజులలో ముందు కాలేజీలో ఉద్యోగం, ఉద్యోగం చేస్తూ పరిశోధన, ఆపైన విశ్వవిద్యాలయం. ఎం.ఏ. మంచి మార్కులతో ఉంటే పని మొదలయ్యేది. డాక్టరేటు తరువాత వచ్చేది. నేడు ఈ వరుస తలకిందులైంది. ముందు డాక్టరేటు, తరువాత ఏళ్ళ తరబడి ఎదురుచూపు.

పరిశోధన అంటే ఏమిటో మా తరానికి అర్థమయ్యేటట్టు చూపినవారు ఆచార్య బిరుదురాజు రామరాజు గారు. వరంగల్ వైపు దేవనూరులో 1925లో పుట్టి, జానపద గేయ సాహిత్యం మీద పరిశోధించి, 1956లో ఉస్మానియా తెలుగు శాఖలో తొలి పీహెచ్‌డీ పొందినారు. మన ఆడవాళ్ళు నాట్లు వేస్తూ, ఇసుర్రాయి తిప్పుతూ పాడుకునే పాటలకు విశ్వవిద్యాలయంలో పీట వేసినారు. పరిశోధనకు కావలసిన సరుకు మన ఊళ్ళలోనే ఉన్నదని అప్పుడు తెలిసింది.

వరంగల్, పొలాస, కోరుట్ల

1976లో వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంతకు ముందు అక్కడ ఉన్నది ఉస్మానియా వారి పీజీ సెంటరు. ఉత్తర తెలంగాణ పిల్లలకు హైదరాబాదు ఖర్చు తప్పింది. సద్దిమూట కట్టుకొని జగిత్యాల బస్సు, అక్కడి నుంచి కరీంనగర్ బస్సు, అక్కడి నుంచి హన్మకొండ బస్సు పట్టుకొని పోయిన మా ఊరి పిల్లలను నేనెరుగుదును. ఆచార్య జయశంకర్ గారు 1991 నుంచి 1994 వరకు అక్కడే వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు.

మనకు ఇంకా దగ్గర పొలాస. జగిత్యాల పక్కన ఉన్న ఆ ఊళ్ళో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. పరిశోధకుడంటే అద్దాల గదిలో తెల్లకోటు వేసుకున్న మనిషి అనుకునే రైతులు, బురదలో దిగి వరి గింజలు లెక్కపెట్టే శాస్త్రవేత్తలను అక్కడ చూసినారు. జగిత్యాల సన్నాలు అని మనం తినే వరి, జేజీఎల్ 1798, అక్కడ పుట్టిందే. సాంబమసూరి అని పిలిచే బీపీటీ 5204కు మరొక వంగడం కలిపి, గింజ సన్నదనం పోకుండా ఉల్లికోడును తట్టుకునేటట్టు చేసినారు. ఒక వంగడం పైకి రావడానికి పదేళ్ళు పడుతుంది. ఆ పదేళ్ళలో శాస్త్రవేత్త ఒక్కడే పని చేయడు. ప్రాజెక్టు కింద తీసుకునే రీసెర్చి అసోసియేట్లు, ఫీల్డు అసిస్టెంట్లు ఎందరో ఉంటారు. ప్రాజెక్టు ముగిస్తే వారి కొలువూ ముగుస్తుంది. వంగడానికి పేరు వస్తుంది గాని వారి పేరు ఎక్కడా రాదు. మన ఆఫీసుల్లో డైలీవేజ్ వారిలాగా.

2000 తరువాత పదేళ్ళలోపే పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల, కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల వచ్చినాయి. కరీంనగర్‌లో 2008లో శాతవాహన విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2016 అక్టోబరులో జగిత్యాల జిల్లా అయింది. మా చిన్ననాడు రాయికల్ పిల్లవాడు ప్రొఫెసర్‌ను చూడాలంటే హైదరాబాదు పోవాలి. ఇప్పుడు కూరగాయల అంగడిలో కనిపిస్తారు. భవనాలు దగ్గరికి వచ్చినాయి. ఉద్యోగాలు అంత దగ్గరికి రాలేదు.

దరఖాస్తు సంగతి

మా కాలంలో ఖాళీ ఉందని తెలియడమే పెద్ద పని. ప్రకటన ఇంగ్లీషు పత్రికలో పడేది. ఆ పత్రిక మాకు మధ్యాహ్నం బస్సులో వచ్చేది. 1976 నుంచి ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారపత్రిక వచ్చిన తరువాత కొంత నయమైంది. ముందు అప్లికేషన్ ఫారం కోసం సొంత చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు పంపాలి. ఫారం వచ్చినాక డిమాండు డ్రాఫ్టు తీయాలి. ప్రతి సర్టిఫికెట్‌ను టైపు చేయించి గెజిటెడ్ ఆఫీసరు దస్తకత్ చేయించాలి. జిరాక్సు మిషన్లు అప్పుడు లేవు. ఎస్సెస్సీ మెమో నకలు టైపు చేసేటప్పుడు పుట్టిన తేదీలో ఒక అంకె తప్పుపడితే మళ్ళీ మొదటి నుంచి. రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటుతో పంపి, ఆ పచ్చ కార్డు తిరిగి వచ్చేదాకా పోస్ట్‌మన్ దారి చూడాలి.

ఇదివరకే ప్రభుత్వోద్యోగంలో ఉన్నవాడికి ఇంకొక మెలిక. దరఖాస్తు తన ఆఫీసు అధిపతి ద్వారా పోవాలి. త్రూ ప్రాపర్ చానెల్ అనే ఆ మూడు మాటలు ఎందరి నుదుటి రాత మార్చినాయో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో కూర్చున్నవారికి తెలుసు. నేను ఆ సెక్షన్లోనే కూర్చున్నాను.

నా తప్పు

1979. ఒక తాలూకా కేంద్రంలో ఒక ఆఫీసు. దాని పేరు అవసరం లేదు. నాకంటే నాలుగేళ్ళు పెద్దవారు ఒకరు మా ఆఫీసులోనే యూడీసీ. వారిని అన్నా అని పిలిచేవాణ్ణి. కోరుట్ల దిక్కు మనిషి. పేరు రాయను, వారి పిల్లలు ఈ సంచిక చదువుతారు. ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా ఎం.ఏ. కట్టి మంచి మార్కులతో ప్యాసైనారు. ఒక విశ్వవిద్యాలయంలో లెక్చరర్ పోస్టుకు ప్రకటన పడింది. ఇరవై రోజుల గడువు. ఆరో రోజున నింపిన దరఖాస్తు నా చేతికి ఇచ్చి, "తమ్మీ, జర జల్ది పుటప్ చెయ్యి" అన్నారు.

నేను చేయలేదు. జమాబందీ పని నెత్తి మీద ఉన్నది, నిజమే. ఆఫీసరు క్యాంపులో ఉన్నారు, అదీ నిజమే. కాని క్యాంపుకు ఫైలు పంపవచ్చు. చాలా ఫైళ్ళు అట్లా పంపినాను. అంతకంటే ముఖ్యం, అడ్వాన్స్ కాపీ అనే పద్ధతి ఒకటి ఉన్నది. గడువులోపల దరఖాస్తు ప్రతి ఒకటి నేరుగా విశ్వవిద్యాలయానికి పంపి, దాని మీద అడ్వాన్స్ కాపీ అని రాసి, అసలు ప్రతి ఆఫీసు ద్వారా తరువాత వస్తుందని తెలుపవచ్చు. ఈ సంగతి నాకు తెలుసు, వారికి తెలియదు. నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళకు దాచడమెందుకు? నేను పీయూసీతో ఆగిపోయినవాణ్ణి. మా నాయన పోయినాక ఇల్లు గడవడానికి ఎల్డీసీగా చేరినాను. నా పక్క బల్ల మీద కూర్చున్న మనిషి లేచి విశ్వవిద్యాలయానికి పోతుంటే నా లోపల ఏదో మండింది. నేను ఫైలు చింపలేదు, దాచలేదు. ఊరికే పైన ఉన్న కాగితం కింద పెట్టినాను. గుమాస్తా చేతిలో ఉండే అధికారం అంతే. కాని అది చిన్నది కాదు.

ఆఫీసరు క్యాంపు నుంచి వచ్చినాక నోట్ పెట్టినాను. సర్వీసు వివరాలు జత చేయమన్నారు. చేసినాను. దరఖాస్తు డెస్పాచ్ అయిన నాటికి గడువు దాటి మూడు రోజులైంది. వారికి ఇంటర్వ్యూ కార్డు రాలేదు. "మన నసీబుల లేదు తమ్మీ" అని వారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ తరువాత వయసు పరిమితి దాటింది. సూపరింటెండెంటుగా రిటైరైనారు.

నలభై అయిదేళ్ళ తరువాత

2024లో నా మనుమరాలు, పీహెచ్‌డీ చేసి గురుకులంలో టీచరుగా ఉన్న పిల్ల, ఒక విశ్వవిద్యాలయ ప్రకటన చూసి దరఖాస్తు పెట్టుకున్నది. ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం రావడం ఆలస్యమైంది. గడువు నాలుగు రోజులున్నది. కండ్ల నిండ నీళ్ళు పెట్టుకొని, "తాతా, ఇగ నాది పాయె" అన్నది. నేను వెంటనే, "పోలేదు బిడ్డా, గడువులోపల అడ్వాన్స్ కాపీ పంపు. పత్రం ఇంటర్వ్యూ నాడు చూపుతానని రాసియ్యి" అన్నాను. అన్నాను గాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా బిడ్డకు ఒక్క నిమిషంలో చెప్పిన మాటను, ఆ మనిషికి పద్నాలుగు రోజులలో చెప్పలేకపోయినాను.

తెల్లవారి కోరుట్ల పోయినాను. వారికి ఎనభై దగ్గర పడుతున్నది. చూపు మందగించింది. చాయ తాగినాక ఉన్నదున్నట్టు చెప్పినాను. వారు కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత నవ్వి, "నాకు అప్పుడే ఎర్కే తమ్మీ. డెస్పాచ్ రిజిస్టర్ల తారీఖు జూసిన" అన్నారు.

"మరి ఒక్కనాడన్నా అడగకపోతివి అన్నా?"

"అడిగితే ఏమొస్తది? పక్క పక్క బల్లలు. ఇంకా ఇరవై అయిదేండ్ల సర్వీసు ఉండె."

నాకు మాట రాలేదు. లేచేటప్పుడు వారే అన్నారు, "మన సంఘం పత్రికల రాయి. నా పేరు వద్దు. అడ్వాన్స్ కాపీ సంగతి మాత్రం సాఫుగ రాయి. తెల్వనోళ్ళు ఇంకా ఉంటరు." వారి మాట ప్రకారమే ఈ వ్యాసం.

నేటి పరిస్థితి, కొన్ని సూచనలు

ఇప్పటి నియమాలు వేరు. యూజీసీ 1984లో జేఆర్ఎఫ్ పరీక్ష, 1989 నుంచి లెక్చరర్ అర్హతకు నెట్ పరీక్ష పెట్టింది. 2018 నిబంధనలలో విశ్వవిద్యాలయ శాఖలకు పీహెచ్‌డీ తప్పనిసరి అన్నారు. అది అమలుకు రాకముందే వాయిదా పడి, 2023 జూలైలో నెట్, సెట్ లేదా స్లెట్ కనీస అర్హతగా, పీహెచ్‌డీ ఐచ్ఛికంగా మార్చినారు. పరీక్షకు కూడా హామీ లేదు. 2024 జూన్ 18న రాసిన నెట్ మరునాడే రద్దయి, పిల్లలు మళ్ళీ రాయవలసి వచ్చింది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో నియామకాలు ఏళ్ళ తరబడి ఆగినాయి. ఉమ్మడి నియామక బోర్డు కోసం 2022లో శాసనసభ బిల్లు చేసింది గాని గవర్నరు ఆమోదం దగ్గర ఆగింది. ఈ లోపల కాంట్రాక్టు, పార్ట్‌టైము పేరుతో నెరసిన తలలతో పాఠాలు చెబుతున్నవారు ఎందరో. వారికి మనవలె పింఛను ఉండదు. పింఛను తీసుకుంటున్న మనం ఈ సంగతి మరువరాదు.

మన ఇండ్లలో పిల్లలున్నవారు ఈ కిందివి గుర్తుంచుకొనగలరు.

1. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఖాళీలు ఒకేచోట కనిపించేటట్టు 2023లో సీయూ చయన్ అనే పోర్టల్ వచ్చింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల ప్రకటనలు వాటి సొంత వెబ్‌సైట్లలో వస్తాయి. వారానికి ఒకసారి చూడడం అలవాటు చేయించండి.

2. నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే పరిశోధనకు నెలకు స్టైపెండు ఉంటుంది. 2023 నుంచి అది 37,000 రూపాయలు. పీహెచ్‌డీకి ముందే ఈ పరీక్ష రాయడం మేలు.

3. కేంద్ర సంస్థలకు ఓబీసీ సర్టిఫికెట్ కేంద్ర నమూనాలోనే ఉండాలి. మీసేవలో అడిగేటప్పుడే ఆ మాట చెప్పాలి.

4. ఎస్సెస్సీ మెమోలో ఉన్న పేరు, ఆధార్‌లో, డిగ్రీలో ఒకే తీరుగా ఉన్నదో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇంటర్వ్యూకు ముందురోజు చూసుకుంటే లాభం లేదు.

5. ఉద్యోగంలో ఉన్నవారు ఆన్‌లైన్ దరఖాస్తు గడువులోపల పంపి, ప్రింటు ప్రతిని అడ్వాన్స్ కాపీగా స్పీడ్ పోస్టులో పంపాలి. నిరభ్యంతర పత్రం ఎప్పటిలోగా ఇవ్వాలో ప్రకటనలో చదవాలి. ఆఫీసులో ఇచ్చిన వినతికి ఇన్‌వర్డ్ నంబరు, తేదీ అడిగి తీసుకోవాలి. గుమాస్తా నొచ్చుకున్నా ఫరవాలేదు.

6. పోస్టు ఇప్పిస్తామని డబ్బు అడిగే పైరవీకారులను గడప ఎక్కనీయకండి.

ఇక ఒక మనవి. మనలో ఎస్టాబ్లిష్‌మెంటు, అకౌంట్సు చూసినవారు ప్రతి ఊళ్ళో ఉన్నారు. మనకు తెలిసిన నియమాలు మనతోనే పోరాదు. వారానికి ఒకపూట గ్రంథాలయంలో కూర్చుని పిల్లల దరఖాస్తులు సరిచూస్తే బాగుండును. రాయికల్‌లో నేను కూర్చుంటాను. ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి పదకొండు వరకు. కండ్లద్దాలు తెచ్చుకుంటాను, పిల్లలు కాగితాలు తెచ్చుకుంటే చాలు.

మనుమరాలికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఉద్యోగం రాలేదు. మళ్ళీ పెట్టుకుంటానన్నది. గడువుకు పది రోజుల ముందే.

సెలవు.